పిట్టలకును పురుగులకును ఒక చిట్టా

రోహిణి కార్తె గడచినది, మృగశిర ప్రవేశించినది. రోహిణిలో రోళ్ళు పగులునని పెద్దలన్న మాట ఈ సంవత్సరమును అబద్ధము కాలేదు. పగలు పది గంటలు దాటిన పిమ్మట బరంపురము వీధులలో మనుష్యసంచారమే పలుచబడినది. ఇట్టి దినములలోనే మన పాఠకులలో కొందరు తెల్లవారకమునుపే లేచి, చెరువుగట్లకును తోటలకును పోయి, తాము కన్న పక్షులను గూర్చియు కీటకములను గూర్చియు మాకు జాబులు వ్రాసిరి. కొన్ని గోపాలపురము సముద్రతీరమునుండి, కొన్ని ఛత్రపురము వద్దనున్న టంపరా సరస్సునుండి, కొన్ని రంభ వద్ద చిల్కా ఒడ్డునుండి వచ్చినవి. ఇంటి పెరటిలో చూచినదే వ్రాసినవారును కలరు.

వీరెవ్వరును శాస్త్రజ్ఞులు కారు. ఒకరు విశ్రాంతి తీసికొన్న ఉపాధ్యాయులు, ఒకరు బట్టల దుకాణములో గుమాస్తా, ఒకరు గృహిణి, ఇద్దరు ముగ్గురు కళాశాల విద్యార్థులు. అల్పసంఖ్యాక భాషీయుల సంఘమునకు చెందిన పత్రికలో పిట్టలను గూర్చి సంపాదకీయమేమని కొందరు అడుగవచ్చును. పాఠశాలలు, పాఠ్యపుస్తకములు, ఉద్యోగములు – ఇన్ని సమస్యలుండగా ఇది ఎందుకని వారి ప్రశ్న కావచ్చును. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకే ఇది వ్రాయుచున్నాము. మొదట ఈ జాబులలో నున్నదేమో చూతము.

ఒక జాబులో చాతకమును చూచినట్లున్నది. నలుపు తెలుపుల దేహము, తలపై కొనదేలిన జుట్టు, పొడవైన తోక గల ఈ పక్షిని మన కవులు యుగములనుండి ఎరుగుదురు. వానచినుకు తప్ప వేరు నీరు త్రాగదని వారు చెప్పిరి. నిజమునకు ఇది గొంగళిపురుగులను తిని బ్రతుకు పక్షి. తన గ్రుడ్లను పొదుగదు. గుంపులుగా తిరుగుచు కలకలలాడు బూడిదరంగు పిట్టల గూళ్ళలో పెట్టి పోవును. అయినను కవుల మాటలో ఒక సత్యము కలదు. దక్షిణమున ఏడాది పొడవునను ఉండు చాతకములు వేరు. ఉత్తర, మధ్య భారతమునకు ఈ దినములలో వచ్చునవి ఆఫ్రికా ఖండమునుండి నైరృతి గాలుల వెంట సముద్రము దాటి వచ్చును. వలసపక్షుల రాకను తేదీలతో లెక్కించు ఉద్దేశముతో 2007లో ‘మైగ్రెంట్ వాచ్’ అను ప్రజా కార్యక్రమము మన దేశమున ఆరంభమైనది. 2020లో డెహ్రాడూనులో రెండు చాతకములకు సంకేతయంత్రములు కట్టి, ‘చాతక్’, ‘మేఘ్’ అని పేర్లు పెట్టి, వాని ప్రయాణమును శాస్త్రజ్ఞులు గమనించిరి. కవి చూచినదానినే శాస్త్రజ్ఞుడును చూచుచున్నాడు. అతడు తేదీ వేసికొనుచున్నాడు, అంతే భేదము.

ఇచ్ఛాపురము వైపునుండి వచ్చిన జాబులో తేలుకుంచి కొంగల ప్రసక్తి యున్నది. బరంపురమునుండి సుమారు పాతిక కిలోమీటర్ల దూరమున ఇచ్ఛాపురము, దానికి చేరువనే తేలుకుంచి గ్రామము. ఏటేట జూను మాసమున ఈ కొంగలు వచ్చి, ఊరి నడుమనున్న చెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకొని, చలికాలము మొదలగునప్పటికి వెడలిపోవును. ముక్కు రెండు దవడల మధ్య సందుండుట వీని గుర్తు. ఆ సందు నత్తగుల్లలను పట్టుటకు ఉపయోగించును. పిల్లలకు పుట్టుకతో ఆ సందుండదు. పెరిగిన పిదపనే ఏర్పడును. ఇంగ్లీషున దీనిని ఓపెన్‌బిల్ అందురు, ఒడియాలో గెండాళియా అందురు. గ్రామస్థులు వీనిని వానలు తెచ్చు చుట్టములుగా భావించి, ఎవ్వరును హాని చేయకుండ కాపాడుచున్నారు. రాక ఆలస్యమైన, వర్షము ఆలస్యమగునేమో యని చింతింతురు.

ఇవి సైబీరియానుండి వచ్చునని చాలమంది చెప్పుకొందురు. పత్రికలలోను అప్పుడప్పుడు అచ్చగును. అది సరికాదు. ఈ కొంగ దక్షిణాసియాకును ఆగ్నేయాసియాకును చెందినదే. భరతపురము పక్షి సంరక్షణకేంద్రములో కాలికి ఉంగరము తొడిగి విడిచినవి ఎనిమిదివందల కిలోమీటర్లు తూర్పున దొరకినవి. థాయిలాండులో ఉంగరము తొడిగినవి బంగ్లాదేశమున దొరకినవి. నీరును నత్తయు ఎక్కడ నుండునో అక్కడికి పోవుటయే వాని ధర్మము. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడి, గంజాము మద్రాసునుండి విడిపోయి, మన బంధువుల ఊళ్ళలో కొన్ని ఆవలి ప్రక్కకు పోయినవి. కొంగలు మాత్రము గూడు ఆవల, మేత ఈవల అని ఎన్నడును పంచుకొనలేదు.

మూడవది పాలపిట్ట. దసరానాడు దీనిని చూచుట శుభమని మన ఇండ్లలో ఆచారము. కాని దీని సంసారము నడచునది వేసవిలో. మార్చి నెలనుండి వానలు పడువరకు చెట్టుతొఱ్ఱలలోను, మోడువారిన తాటి, కొబ్బరి బోదెల కన్నములలోను గ్రుడ్లు పెట్టి పిల్లలను పెంచును. ఈ వారము ఒక సోదరి వ్రాసిన జాబులో, తమ తోటలో మోడైన కొబ్బరిచెట్టును కొట్టింపబోవుచుండగా దాని కన్నమునుండి పాలపిట్ట వెలుపలికి వచ్చినదనియు, పిల్లలు ఎగిరిపోవువరకు పని నిలిపితిమనియు ఉన్నది. ఆమె చేసిన పని చిన్నదిగా తోచవచ్చును. కాని ఈ పక్షి తెలంగాణకును, కర్ణాటకకును, మన ఒడిశాకును రాష్ట్రపక్షి. 2018 వరకు ఆంధ్రప్రదేశమునకును ఇదియే రాష్ట్రపక్షిగా నుండెను. పిమ్మట రామచిలుక ఆ స్థానమునకు వచ్చినది. ఇన్ని రాష్ట్రములు తల కెత్తుకొన్న పక్షి నేడు దేశమంతటను తగ్గిపోవుచున్నదని లెక్కలు చెప్పుచున్నవి. మోడును పనికిరానిదని కొట్టివేయుట ఆ తగ్గుదలకు ఒక కారణము కాకపోదు.

గిజిగాడు గూళ్ళు మొదలుపెట్టినదని ఒకరు వ్రాసిరి. చెరువువైపు వంగిన ఈతచెట్టు, తాటిచెట్టు దీనికి ప్రీతి. మగపక్షి పచ్చిగడ్డి పోచలు చీల్చి తెచ్చి గూటిని సగము అల్లి, ఆడపక్షిని పిలుచును. ఆమె వచ్చి చూచి, నచ్చినయెడలనే ప్రవేశించును. నచ్చనియెడల ఆ గూడు సగములోనే నిలిచిపోవును. ఆమె అంగీకరించిన పిమ్మట దానిని పూర్తిచేసి, మగపక్షి ఇంకొక గూడు ఆరంభించును. ఈ రహస్యమును 1930లో మహారాష్ట్రలోని కిహిం గ్రామమున కూర్చుండి కనుగొన్నవారు డాక్టర్ సలీం అలీ. వర్తకులమైన మనకు వారిని గూర్చి ఒక విశేషము తెలిసియుండుట మంచిది. వారు బర్మాలో తమ కుటుంబ వ్యాపారమును చూచుకొని, బొంబాయిలో వాణిజ్యన్యాయమును లెక్కలు వ్రాయు విద్యను చదివినవారు. వ్యాపారము వారికి కలిసి రాలేదు. లెక్క తప్పక వ్రాయు అలవాటు మాత్రము జీవితాంతమును వారిని విడువలేదు.

ఇక పురుగుల సంగతి. తూనీగలు క్రిందుగా ఎగురుచున్నవి, వాన దగ్గరపడినదని ఒక పెద్దలు వ్రాసిరి. ఈ కాలమున గుంపులుగా కనిపించు పసుపువన్నె తూనీగ సామాన్యమైనది కాదు. వాననీటి గుంటలలో గ్రుడ్లు పెట్టును. పిల్ల నీటిలో దోమపిల్లలను తిని కొద్దివారములలో రెక్కలు తొడుగుకొనును. శరత్కాలమున గాలి మరలినప్పుడు ఇవి మాల్దీవుల మీదుగా హిందూమహాసముద్రము దాటి తూర్పు ఆఫ్రికాకు పోవునని చార్లెస్ ఆండర్సన్ అను జీవశాస్త్రజ్ఞుడు 2009లో ప్రకటించిరి. అగ్గిపుల్లంత పొడవు లేని పురుగు చేయు ప్రయాణమిది.

తొలకరి జల్లు పడిన సాయంకాలము ఉసిళ్ళు దీపములచుట్టు మూగును. వానికొరకు పసులపోలిగాడు మొదలైన పక్షులు గుమిగూడును. ఆరుద్ర కార్తె వచ్చుటకు ఇంక కొద్దిదినములే యున్నవి. ఎఱ్ఱని పట్టుగుడ్డ తునకవంటి ఆరుద్రపురుగు అప్పుడు నేల వెలువడును. శాస్త్రము ప్రకారము దానికి ఎనిమిది కాళ్ళు. కావున అది కీటకము కాదు, సాలెపురుగునకు బంధువు. ఏడాదిలో ఎక్కువకాలము నేలలోపలనే యుండి, మంచివాన పడిన పిదప కొద్దికాలమే పైకి వచ్చును. చిన్న కీటకములను వాని గ్రుడ్లను తిని రైతునకు మేలు చేయును. మనము చిన్నతనమున దానిని అగ్గిపెట్టెలో దాచుకొన్నవారమే. ఇప్పుడు మందులకని సేకరించి అమ్మువారు బయలుదేరినారు. పిల్లలను చూచుటకు ప్రోత్సహింపుడు, పట్టుటకు కాదు.

మిణుగురులను గూర్చి మాత్రము ఒక్క జాబే వచ్చినది, అదియును ఊరికి దూరమైన తోటనుండి. ఆ వెలుగు మిణుగురులకు మాటవంటిది; ఒక్కొక్క జాతి ఒక్కొక్క తీరున మినుకుమని తన జతను పిలుచును. వీధిదీపములు తెల్లవార్లు వెలుగుచోట ఆ పిలుపు కనబడదు, జత కుదరదు. ముప్పది సంవత్సరముల క్రిందట మన పెరళ్ళలోనే ఇవి యుండెనని పెద్దలందరును చెప్పుదురు. ఎప్పటినుండి తగ్గినవి, ఏ వీధిలో ముందు మాయమైనవి అని అడిగిన సమాధానము లేదు. ఎవ్వరును వ్రాసిపెట్టలేదు.

మేము చెప్పదలచిన ముఖ్యవిషయము ఇక్కడనే యున్నది. తేదీ లేని పద్దు పద్దు కాదని మన దుకాణములలో చేరిన కుఱ్ఱవానికి మొదటి దినముననే నేర్పుదుము. ప్రతిదినము చిట్టాలో వ్రాయనిది ఆవర్జాకు ఎక్కదు. ఆవర్జా లేనిది ఏడాది చివర లాభమో నష్టమో తెలియదు. పదిరూపాయల బెల్లము అమ్మిన వ్రాయుదుము. పెరటినుండి ఒక జాతియే వెడలిపోయినప్పుడు మాత్రము ఒక పంక్తి వ్రాయుట లేదు. ‘మునుపు చాల ఉండెడివి’ అను మాట జ్ఞాపకమే కాని లెక్క కాదు.

2013 అక్టోబరు 12వ తేదీన ఫైలిన్ తుపాను గోపాలపురము వద్ద తీరము దాటినది. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ పలాస ప్రాంతమున తాకినది. గంజాములోను శ్రీకాకుళములోను తాతలనాటి చెట్లు నేలకూలినవి. కొబ్బరిచెట్లకు, జీడిమామిడి తోటలకు నష్టపు లెక్క కట్టిరి, కట్టవలసినదే. ఆ చెట్లపై ఎన్ని గూళ్ళుండెనో, ఆ తోటలలో ఏ పక్షులు మరల రాలేదో చెప్పుటకు మనయొద్ద ముందటి లెక్క లేదు. నిల్వ తెలియని అంగడిలో దొంగతనము జరిగిన ఎంత పోయినదని ఫిర్యాదు చేయగలము?

సామాన్యుల లెక్కలకు విలువ యుండునా యని సందేహింపనక్కరలేదు. 2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదికకు ఆధారము ముప్పదివేలకు పైబడిన పక్షిప్రియులు సమర్పించిన సుమారు మూడు కోట్ల పరిశీలనలు. 942 జాతులను అందులో పరిశీలించిరి. దీర్ఘకాలపు మార్పు నిర్ణయించుటకు వీలైన 338 జాతులలో 204 తగ్గినవి, 98 నిలకడగా నున్నవి, 36 మాత్రమే పెరిగినవి. ఈ అంకెలు ఏ ఒక్క పండితుని గదిలోను పుట్టలేదు. ఆదివారము ఉదయము చెరువుగట్టుకు పోయిన గుమాస్తాలు, ఉపాధ్యాయులు, గృహిణులు, విద్యార్థులు ఇచ్చినవే అందులో అధికము. చిల్కాలో చలికాలపు పక్షులకు ఏటేట జనవరిలో లెక్క జరుగును. వానిని చూచుటకు దూరదేశములనుండి జనము వత్తురు. వేసవి చివరను ఇక్కడ నుండువారము మనమే. చూడవలసిన కన్నులును మనవే.

లెక్కతో పాటు పేరున్నది. మన సంఘమునకు ఇందులో ప్రత్యేకమైన బాధ్యత అక్కడనే కలదు. మా దుకాణమునకు వచ్చు మన పిల్లలకు తీగపై వ్రాలిన పాలపిట్టను చూపి పేరడిగిన, ‘బ్లూ బర్డ్’ అనుచున్నారు. వారిని నిందింపము, ఇంటిలో ఆ మాట చెప్పినవారు లేరు. పాలపిట్ట, లకుముకిపిట్ట, వడ్రంగిపిట్ట, జెముడుకాకి, కూకుడుగువ్వ, బెళవ, పిగిలిపిట్ట – ఇవి నిఘంటువులలో దాచుకొనుటకు పుట్టిన మాటలు కావు. పొలమున, పెరటిలో, నూతిగట్టున పుట్టినవి. వాడుక పోయిననాడు మాటతోపాటు దానిని గుర్తించు కన్నును పోవును. పేరు తెలియని పిట్ట వచ్చినను రాకున్నను మన పిల్లవానికి ఒక్కటే.

ఈ పేర్ల విలువ పరులు ముందే గ్రహించిరి. టి. సి. జెర్డన్ అను ఆంగ్ల వైద్యుడు 1836లో మద్రాసు చేరి, మొదట పనిచేసినది మన గంజాము జిల్లాలోనే. ఇక్కడి తూర్పుకనుమలలో పక్షులను పరిశీలించుట ఆరంభించెను. 1862-64 సంవత్సరములలో వెలువడిన తన భారతదేశ పక్షుల గ్రంథమున ఇంగ్లీషు పేర్లతోపాటు తెలుగు పేర్లనుకూడ నమోదు చేసెను. ఆయన కనుగొన్న కలివికోడి 1900 తరువాత ఎవ్వరికిని కనబడక, అంతరించినదనిపించుకొన్నది. 1986లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ కడప జిల్లాకు వచ్చి విచారింపగా, పుస్తకములు మరచినను అక్కడి పల్లెజనము ఆ పక్షిని మరువలేదని తేలినది. రెడ్డిపల్లె వద్ద దానిని పట్టి చూపినవాడు ఐతన్న అను స్థానికుడు. ఎనుబదియారేండ్లు శాస్త్రమునకు పోయిన పక్షి, ఊరివారికి పోలేదు. వారినోట దాని పేరు మిగిలియుండెను.

మన ప్రాంతమునకే చెందిన దృష్టాంతము మరియొకటి కలదు. గిడుగు వేంకట రామమూర్తిగారు మెట్రిక్యులేషను ముగించి 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా చేరిరి. కొండలలోని సవరలు నోట పలుకు మాటలను ఒక్కొక్కటిగా వ్రాసికొని, ఆ భాషకు వ్యాకరణమును నిఘంటువును కూర్చిరి. తమది కాని భాషకు వారట్లు చేసిరి. మనది యైన భాషకు మన పెరటి పక్షుల పేర్లనైనను వ్రాసికొనలేమా?

పాఠశాలల ప్రశ్న మాటేమని అడుగువారికి మా విజ్ఞప్తి ఇది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పింపవలెనని రాజ్యాంగమునకు 1956లో చేర్చిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. ఆ హక్కుకొరకు సంఘము చేయు ప్రయత్నములు ఆగవు. కాని ప్రభుత్వము తెలుగు ఉపాధ్యాయుని ఇచ్చువరకు తాతయు అమ్మమ్మయు నోరు మూసికొని కూర్చుండవలెనని ఏ అధికరణములోను లేదు. పెరటిలోనికి తీసికొనిపోయి, ‘అదిగో గిజిగాడు’ అని చూపుటకు మంజూరు ఉత్తరువు అక్కరలేదు.

కావున ఈ వారమునుండి ఆరుద్ర కార్తె ముగియువరకు మన కుటుంబములవారు ఇట్లు చేయవలెనని కోరుచున్నాము.

ప్రతి ఇంటను ఒక నోటుపుస్తకము పెట్టుడు. అందులో తేదీ, వేళ, స్థలము, చూచినదేమి, ఎన్ని, చూచినవారెవరు అను ఆరు గడులుండవలెను. స్వయముగా చూచినది వేరుగను, వినినది వేరుగను వ్రాయుడు. రొక్కమును అరువును ఒకే గడిలో వ్రాయము కదా. సందేహమున్న సందేహమని వ్రాయుడు. ఏమియు కనబడని దినమున ‘ఏమియు లేదు’ అని వ్రాయుడు, అదియును లెక్కయే.

పేరు తెలుగులో వ్రాయుడు. ఇంటి పెద్దలు చెప్పు పేరు పుస్తకములోని పేరుకంటె భిన్నమైనను అదే వ్రాయుడు. శ్రీకాకుళపు పేరు వేరు, గంజాము పేరు వేరు కావచ్చును, రెండును మనవే. పేరు తెలియనియెడల రంగు, పరిమాణము, కూత వర్ణింపుడు. క్రొత్త పేర్లు కల్పింపవలదు. ప్రక్కనే ఒడియా పేరునుకూడ వ్రాయుడు. ఇరుగుపొరుగు ఒడియా సోదరులను అడిగినచో సంతోషముగా చెప్పుదురు. వారి పిల్లలకును మన పిల్లలకును నేడు ఒకే కొరత యున్నది. ఫోనులు చేతనున్న యువకులు ఈ పద్దులను ఈ-బర్డ్, ఐ-నేచురలిస్ట్ వంటి పట్టికలకు ఎక్కించినయెడల, దేశపు లెక్కలో మన ఊరి పేరును చేరును.

గూటికి చేరువగా పోవలదు. గ్రుడ్లను, పిల్లలను ముట్టవలదు. గూడున్న చోటును పక్షులను పట్టి అమ్మువారికి తెలియనీయవలదు. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అట్టి వ్యాపారమును నిషేధించినది. తోటలో మోడునో పెరటిలో ముసలిచెట్టునో కొట్టింపదలచినవారు, వానలు నిలద్రొక్కుకొనువరకు ఆగి, తొఱ్ఱలు చూచి, అప్పుడు నిర్ణయింపుడు. రాత్రి అక్కరలేని దీపమును ఆర్పిన మిణుగురుకును మేలు, విద్యుత్తు బిల్లుకును మేలు.

వచ్చిన పద్దులను వారము వారము ఈ పత్రికలో ప్రకటింతుము. టంపరా సరస్సు 2021లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా రామ్‌సర్ జాబితాకెక్కినది. అంతటి చోటు మన గడపలో నుండగా ఎందరము ఒక్క ఉదయమైనను దాని ఒడ్డున నిలిచితిమి? ఒక ఆదివారము తెల్లవారుజామున తాతలును మనుమలును కలిసి అచ్చటికి పోవుటకు సంఘము ఏర్పాటు చేయును. మనుమని కన్ను చురుకైనది; తాతనోట పేరున్నది. ఒకటి లేక రెండవది నిష్ప్రయోజనము.

ఎనుబది సంవత్సరములు దాటిన పెద్దలు మన కుటుంబములలో ఇంకను కలరు. వారి నోటనున్న పేర్లకు వేరే ప్రతి లేదు. వచ్చే వేసవికి వ్రాయుదమని వాయిదా వేయుటకు మనకు గడువు ఎవ్వరును ఇయ్యలేదు. ఆరుద్ర కార్తె రాకమునుపే మొదటి పద్దు వేయుడు.